వదిన మెషిన్‌లో నా డబ్బాలు

ముందుగా మూటల సంగతి

మా వదిన సువర్ణ నల్గొండలో బయల్దేరి పక్కనే ఉన్న పానగల్లుకు పోవాలన్నా ఇల్లంతా వెంట తీసుకుపోయే మనిషి. అలాంటిది దేవరకొండ, అమ్రాబాద్, మహబూబ్‌నగర్ మీదుగా ఆలంపూర్ దాకా ప్రయాణం అనేసరికి ఇక చెప్పేదేముంది! మా అన్న పాత కారు డిక్కీలోకి మొదట చిన్న గ్యాస్ పొయ్యి ఎక్కింది. దాని వెనకే బియ్యం, కందిపప్పు, చింతకాయ తొక్కు సీసా, మంచినీళ్ళ క్యాను, రెండు దిండ్లు, దోమల బ్యాటు. ఆఖరికి ఇస్త్రీ పెట్టె కూడా వచ్చేసరికి నేను ఉండబట్టలేక అడిగాను.

"ఇస్త్రీ పెట్టె ఎందుకు వదినా?"

"ఆలంపూర్ల మనల్ని జూసి పని ఇయ్యాలె గద శైలూ. నలిగిన బట్టలేసుకొని పోతె ఎవలిస్తరు?"

నా సామాను భుజానికి తగిలించుకునే ఒకే ఒక్క సంచి. అందులో రెండు జతల బట్టలు, ఒక బ్రష్షు. పేస్టు కూడా పెట్టుకోలేదు. పోయినచోట పేస్టు ఉండదా, సబ్బు ఉండదా? మనుషులున్న చోటికే కదా పోతున్నాం! నా అసలు సరుకంతా మెడలో వేలాడుతున్న పెన్‌డ్రైవ్‌లో ఉంది.

మా ఇద్దరి తగాదా కూడా అచ్చం ఇదే. గడియారం సెంటర్ దగ్గర టైలర్ షాపు మీది గదిలో మేమిద్దరం ఒక కంప్యూటర్ ఆఫీసు నడుపుతున్నాం. పెళ్ళి వీడియోలు తీసే స్టూడియోల వాళ్ళకు ఒక కష్టముంది. ముహూర్తాల రోజుల్లో ఒక ఊళ్ళో కంప్యూటర్ రాత్రింబవళ్ళు నడిచినా వీడియో తయారు కాదు. అదే సమయంలో ఇంకో ఊళ్ళో స్టూడియో కంప్యూటర్ ఖాళీగా పడి ఉంటుంది. అందుకని ఒక పెళ్ళి వీడియోను ముక్కలు చేసి, నాలుగు ఊళ్ళ కంప్యూటర్లకు పంచి, అన్నిచోట్లా పని అయ్యాక తిరిగి అతికించే ఏర్పాటు ఒకటి తయారుచేశాం. ఇక్కడిదాకా మా ఇద్దరిదీ ఒకటే మాట. ఆ ప్రోగ్రామ్‌ను ఒక్కో స్టూడియోలో ఎలా దించాలన్న దగ్గరే పేచీ వచ్చింది.

వదినది వర్చువల్ మెషిన్ పద్ధతి. అంటే స్టూడియో కంప్యూటర్ లోపల ఇంకో పూర్తి కంప్యూటర్‌నే లేపడం. దానికి సొంత ఆపరేటింగ్ సిస్టమ్, సొంతంగా పక్కన పెట్టిన మెమరీ, అన్నీ సొంతమే. పొయ్యి, దిండు, ఇస్త్రీ పెట్టెతో సహా. నాది కంటైనర్ పద్ధతి. ప్రోగ్రామ్‌ను, దానికి తప్పనిసరిగా కావలసిన నాలుగు వస్తువులను ఒక డబ్బాలో పెట్టి పంపడం. మిగతాదంతా, ముఖ్యంగా ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నల్, దిగిన ఇంటివాళ్ళదే వాడుకోవడం. డబ్బా చిన్నది, తేలికైనది, ఇట్టే లేస్తుంది. నాలాగే.

నవ్వులాటగా చెబుతున్నాను గానీ, ఈసారి ప్రయాణం వెనక ఒక చిక్కు ఉంది. వదినకు హైదరాబాద్‌లో ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. నాలుగు స్టూడియోల్లో మా ఏర్పాటు బిగించి, ఆలంపూర్‌లో స్టూడియోల వాళ్ళ పెద్దమనిషి ముందు నడిపి చూపించాలి. ఆయన సరే అంటే మా ఆఫీసు నిలబడుతుంది. కాదంటే వదిన హైదరాబాద్‌కు, నేను గదికి తాళం వేసి ఇంటికి. ఆమె లేకుండా ఆ గది నడపడం నా వల్ల కాదు. ఆ ముక్క ఆమెతో అనడానికి నోరు రాదు. అందుకే కంటైనర్లే గొప్పవని వాదిస్తూ కూర్చున్నాను.

దేవరకొండ: ముందు రొట్టె, తర్వాత పేరు

మా నల్గొండలో ఆఫీసుకు ఎవరైనా వస్తే ముందు పనేమిటో అడుగుతాం, తర్వాత చాయ్ తెప్పిస్తాం. దేవరకొండలో శామ్యూల్ అన్న స్టూడియోలో గుమ్మం దాటగానే చేతిలో పళ్ళెం పెట్టారు. జొన్నరొట్టె, పుంటికూర పప్పు. రెండో రొట్టె సగంలో ఉండగా "ఇంతకు మీ పేర్లేంది?" అని అడిగింది ఆయన భార్య మేరీ అక్క. ఫొటోలు ఆయన తీస్తాడు, ఆల్బమ్‌లు ఆమె చేస్తుంది. వదిన డిక్కీలోంచి చింతకాయ తొక్కు సీసా తెచ్చి నడుమ పెట్టింది. దాంతో మూడో రొట్టె కూడా తప్పలేదు.

వదిన మాత్రం ఒక్క రొట్టెతో లేచి పోయి కంప్యూటర్ ముందు కూర్చుంది. వర్చువల్ మెషిన్ లేవాలంటే ముందు కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు వచ్చే బయోస్ సెట్టింగుల్లో ఒక మీట తెరవాలి. అక్కడికి పోతే పాస్‌వర్డ్ అడిగింది. ఎప్పుడో కంప్యూటర్ బిగించిన మెకానిక్, శామ్యూల్ అన్న చెప్పిన పేరే పెట్టాడట. ఆ మెకానిక్ ఇప్పుడు దుబాయ్‌లో ఉన్నాడు, అన్నకేమో ఆ పేరు యాదికి లేదు.

శామ్యూల్ అన్న ధీమాగా ముందుకొచ్చి మేరీ అని కొట్టాడు. కాదంది. కూతురి పేరు కొట్టాడు. కాదంది. ఆ తర్వాత వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి.

"ఆగినవేంది?" అంది మేరీ అక్క కుర్చీ దగ్గరికి జరుపుకుని. "కొట్టు. ఇంకెవలి పేరున్నది?"

"ఎవల్ది లేదే. ఊకె ఆలోచిస్తున్న."

"గంత చెమటలు వోస్తున్నయేంది మరి ఆలోచిస్తె?"

ఒక సంసారాన్ని కాపాడిన పుణ్యం వదినకు దక్కాలి. "పేరుతోని పని లేదక్కా" అంటూ క్యాబినెట్ తెరిచి, జడలోంచి పిన్ను తీసి, లోపలున్న గుండ్రటి బ్యాటరీని పైకి లేపింది. మళ్ళీ పెట్టేసరికి పాస్‌వర్డ్ పోయింది. దాంతోపాటు కంప్యూటర్‌లో తేదీ కూడా ఏళ్ళకేళ్ళు వెనక్కి పోయింది.

మేరీ అక్క ఆ తేదీ చూసి మొహమంతా వెలిగిపోతూ, "గప్పటికి నాకు ఈయనతోని పెండ్లే కాలే. గట్లనే ఉంచుండ్రి, మంచిగుంది" అంది.

నేను చెయ్యి కడుక్కుని వచ్చేసరికి వదిన లావుపాటి ఫైలు ఇంకా నెమ్మదిగా కాపీ అవుతోంది. నేను పెన్‌డ్రైవ్ పెట్టాను, డబ్బాలు దించాను, ఒక్క ఆదేశంతో లేపాను. లేచాయి! శామ్యూల్ అన్న చప్పట్లు కొట్టాడు. వర్చువల్ మెషిన్లు ఎంత దండగో, డబ్బాలు ఎంత గొప్పవో ఆయనకు సాయంత్రం దాకా చెప్పాను. వదిన ఒక్క మాటా అనలేదు. ఓడిపోయిందనుకున్నాను.

అమ్రాబాద్: నల్లమల పాలైన సంచి

మన్ననూరు దాటి అడవిలోకి పోయాక రోడ్డు పక్కన కోతులకు తిండి పెట్టవద్దని బోర్డు ఉంది. మేమేమీ పెట్టలేదు. ఫొటో తీసుకుందామని దిగాం, నేను నా వైపు అద్దం ఎక్కించడం మరిచాను. అవే వచ్చి తీసుకున్నాయి. డిక్కీ నిండా అంత సామాను ఉండగా, వెనక సీటు మీదున్న నా ఒక్క సంచే వాటి కంటబడింది. తేలిగ్గా ఉంది కదా, ఎత్తుకుపోవడానికి వీలు. ఒక పెద్ద కోతి కొమ్మ మీద కూర్చుని నా బట్టలు ఒక్కొక్కటే తీసి, వాసన చూసి, ఇంకో కొమ్మ మీదికి విసిరింది. బ్రష్షు మాత్రం నోట్లో పెట్టుకుని చాలాసేపు ఆలోచించింది.

"పేస్టు లేదనుకుంటున్నట్టుంది" అంది వదిన.

ఆ పూట నుంచి నేను వదిన బట్టలే కట్టుకున్నాను. ఆమె నాకంటే బాగా ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. పెద్ద పెద్ద గులాబీ పూలున్న ఆమె చుడీదార్‌లో నేనెక్కడున్నానో నాకే తెలియలేదు. కొత్త బ్రష్షు కూడా ఆమె మూటలోంచే వచ్చింది. ఎవరికైనా పనికొస్తుందని ఎప్పుడూ ఒకటి ఎక్కువ పెట్టుకుంటుందట.

అమ్రాబాద్‌లో స్టూడియో బాలింగయ్యది. ఆయన తల్లి గుమ్మంలోనే కూర్చుని ఉంది. మేము వీడియోల పని మీద వచ్చామని వినగానే మా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. మనవరాలి పెళ్ళి వీడియో తన కొడుకుకు తీరిక లేక ఎక్కడో పట్నంలో చేయించారట.

"చీర వెట్టిన, ఒడిబియ్యం వోసిన, పొద్దంత కూసున్న బిడ్డా. వీడియోల జూస్తె నా చెయ్యొక్కటే ఉన్నది. గాజులను జూసి నేనే అనుకోవాలె."

ఈ విషయంలో మా నల్గొండకూ ఈ పాలమూరు దిక్కుకూ తేడా లేదు. పెళ్ళి వీడియో అంటే ఎవరెవరు వచ్చారో దానికి సాక్ష్యం. కట్నం చదివించిన మనిషి అందులో కనబడకపోతే వచ్చినట్టే కాదు. వదిన అవ్వ గాజుల కథ వింటూ కూర్చుంది. ఇదే అదననుకుని నేను లోపలికి పోయాను. ఈసారి వదిన చెయ్యి పడకముందే నా డబ్బాలు లేపి చూపించాలి.

లేపాను. లేవలేదు. మళ్ళీ లేపాను. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. బాలింగయ్య నా వైపు చూశాడు.

"కరెంటు తక్కువున్నట్టుంది" అన్నాను.

"కరెంటు ఉన్నది గద బిడ్డా" అంది అవ్వ బయటి నుంచి. "ఫ్యాను తిరుగుతాంది."

ఇక అడవి మీద, సిగ్నల్ మీద, చివరికి కోతుల మీదికి కూడా తప్పు నెట్టాను. వదిన వచ్చి ఒక్కసారి తెర వైపు, ఒక్కసారి నా వైపు చూసింది. ఆ చూపుకు గులాబీ పూల మధ్య నేను ఇంకా కుంచించుకుపోయాను.

"నీ డబ్బాలకు లినక్స్ కెర్నల్ గావాలె. ఇది విండోస్. ఈ ఇంట్ల లేనిది అడిగితె ఎట్ల ఇస్తరు శైలూ?"

"మరి దేవరకొండల ఎట్ల లేచినయి?"

"నువ్వు రొట్టె తినేటప్పుడు నేను ఆ మీట తెరిచి, కింద చిన్న వర్చువల్ మెషిన్ ఒకటి లేపిన, లినక్స్‌ది. నీ డబ్బాలు పోయి దాంట్ల కూసున్నయి."

మా ఆఫీసులో కంప్యూటర్లన్నీ లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌వే. అక్కడ నా డబ్బాలు ఎక్కడ పెడితే అక్కడ లేచేవి. ప్రపంచమంతా మా గదిలాగే ఉంటుందనుకున్నాను.

"చెప్పొచ్చు గద!" అన్నాను కోపంగా. తప్పు నాదైనప్పుడు నాకు కోపం కొంచెం ఎక్కువే వస్తుంది.

"మెషిన్లు దండుగని శామ్యూలన్నకు చెప్తుంటివి. నడుమల ఎందుకని ఊకున్న."

వదినే మీట తెరిచింది, వదినే మెషిన్ లేపింది, నా డబ్బాలు సిగ్గు లేకుండా పోయి అందులో కూర్చున్నాయి. ఆమె చుడీదార్‌లో నేను కూర్చున్నట్టే.

మహబూబ్‌నగర్: సగం గ్లాసు చాయ్

అక్కడి నుంచి మహబూబ్‌నగర్ దాకా నేను కిటికీ వైపే చూస్తూ వచ్చాను. బిగుసుకుని కూర్చుందామంటే ఆ వదులు బట్టల్లో అది కూడా కుదరలేదు.

మహబూబ్‌నగర్ స్టూడియో సలీం భాయ్‌ది. మనిషి ఎంత మంచివాడో కంప్యూటర్ అంత బీదది. "ఫికర్ జెయ్యకుండ్రి బేటీ, చాయ్ తాగుండ్రి, మిషిన్ అదే సర్దుకుంటది" అంటూ ఎదురు కొట్టుకు తీసుకుపోయాడు. నల్గొండలో పది రూపాయలకు గ్లాసు నిండా పోస్తారు. ఈ కొట్టులో అదే పదికి సగం గ్లాసే పోశాడు. నేను లోపల్లోపల సణుక్కుంటుంటే, తాగడం కాగానే అడగకుండా ఇంకో సగం పోశాడు. చల్లారకుండా తాగాలంటే ఇదే పద్ధతట. ఒప్పుకోవలసి వచ్చింది.

తిరిగొచ్చాక వదిన తన పద్ధతి పూర్తిగా పెట్టి చూపిస్తానంది. ముక్కను అందుకోవడం, తయారుచేయడం, తిరిగి పంపడం, ఈ మూడు పనులకు మూడు వర్చువల్ మెషిన్లు. మొదటిది లేచింది. రెండోది మూలుగుతూ లేచింది. మూడోది లేస్తుండగా కంప్యూటర్ మొత్తం బిగుసుకుపోయింది. ఆ సమయానికి అదే కంప్యూటర్‌లో సలీం భాయ్ చేస్తున్న పెళ్ళి వీడియో ఒకటి నడుస్తోంది. తెర మీద పెళ్ళికొడుకు సగం తుమ్ముతూ ఆగిపోయాడు. ఎన్ని మీటలు నొక్కినా ఆ తుమ్ము పూర్తి కాలేదు.

నాకు నవ్వు ఆగలేదు. వదినకు కూడా ఆగలేదు. ఇద్దరం గోడకానుకుని కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాం.

"మూడు మెషిన్లకు ఈడ జాగా యాడిది వదినా?" అన్నాను. "ఒక్కటే లేపు. దాంట్ల నా డబ్బాలు మూడు వెడ్త."

"అదే నేను అమ్రాబాద్‌లనే అనాల్సింది" అంది వదిన కళ్ళు తుడుచుకుంటూ.

అలాగే చేశాం. ఒక మెషిన్, దాని లోపల మూడు డబ్బాలు. మూడూ ఒకే కెర్నల్ పంచుకుంటాయి గనుక మెమరీ సరిపోయింది. పెళ్ళికొడుకు తుమ్మడం పూర్తిచేశాడు. దేవరకొండలో, అమ్రాబాద్‌లో ఎలాగూ ఇదే వరస ఉంది గనుక, ఫోన్లు చేసి దాన్నే ఉంచమన్నాం.

అంతలో వదినకు ఫోన్ వచ్చింది. పేరు చూసి వీధిలోకి పోయింది. చాలాసేపు మాట్లాడింది. అద్దంలోంచి చూస్తే తల ఊపుతూ కనబడింది. లోపలికి వచ్చాక "ఎవరు?" అని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. హైదరాబాద్ కంపెనీ వాళ్ళేనని నాకు తెలుసు. ఇక అయిపోయిందనుకున్నాను. సలీం భాయ్ మరోసారి పోయించిన చాయ్‌ని తాగకుండానే బల్ల మీద వదిలేశాను.

ఆలంపూర్: పెళ్ళి తర్వాత పుస్తె

ఆలంపూర్‌లో గుళ్ళు, తుంగభద్ర, ఎర్ర రాతి శిల్పాలు అన్నీ ఉన్నాయని విన్నాను. అమ్మవారికి ఒక దండం పెట్టి పరుగున వచ్చాం గనుక వాటి గురించి నన్ను అడగవద్దు. మేము చూసింది ఎక్కువగా శంకరప్ప గారి హాలు. స్టూడియోల వాళ్ళకు పెద్దమనిషి ఆయనే, నాలుగో స్టూడియో కూడా ఆయనదే. పరీక్ష కోసం తన తమ్ముడి కూతురి పెళ్ళి వీడియోనే ఇచ్చాడు. చూడడానికి చుట్టాలందరినీ పిలిచాడు. కొత్త దంపతులు కూడా వచ్చారు. వదిన ఇద్దరి బట్టలూ ఇస్త్రీ చేసింది. గులాబీలు మడతల్లేకుండా ఇంకా పెద్దగా కనబడ్డాయి.

పెళ్ళిని నాలుగు ముక్కలు చేశాం. ఎదురుకోళ్ళు దేవరకొండకు, పుస్తె కట్టేది, తలంబ్రాలు అమ్రాబాద్‌కు, కట్నాల చదివింపులు మహబూబ్‌నగర్‌కు, అప్పగింతలు, బరాత్ ఆలంపూర్ కంప్యూటర్‌కే. ముక్కలు వచ్చినకొద్దీ వెనక గదిలోని కంప్యూటర్ అతికించి టీవీకి పంపుతుంది. అతికించే ఆ ప్రోగ్రామ్ రాసింది నేనే.

ఎదురుకోళ్ళు బ్రహ్మాండంగా వచ్చాయి. తర్వాత నేరుగా చదివింపులు వచ్చాయి. ఆ వెంటనే పెళ్ళికూతురు తల్లిని పట్టుకుని భోరున ఏడుస్తూ అప్పగింతలు మొదలయ్యాయి.

పెళ్ళికూతురి తల్లి లేచి నిలబడింది.

"అగో! పుస్తె ఎప్పుడు గట్టిండు?"

"కట్టిన అత్తమ్మా!" కొత్త అల్లుడు కూడా లేచాడు. "అందరి ముందట్నే గట్టిన!"

"వీడియోల లేదు గద!"

"వీడియోల లేకపోతె కట్టనట్టేనా?" అంటూ ఆ పిల్లవాడు సాక్ష్యం కోసం పెళ్ళాం వైపు చూశాడు. ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

వదిన అప్పటికే బాలింగయ్యకు ఫోన్ చేసింది. అమ్రాబాద్‌లో ఈసారి నిజంగానే కరెంటు పోయింది. నేను వెనక గదిలోకి ఉరికి, సలీం భాయ్ కంప్యూటర్‌లో వదిన లేపి ఉంచిన మెషిన్ లోపల ఇంకో డబ్బాకు ఆదేశం ఇచ్చాను. చటుక్కున లేచింది. పోయిన ముక్క పని మహబూబ్‌నగర్‌లో మొదలైంది. ఇక్కడ టీవీలో బరాత్ డప్పులకు అందరూ ఎగురుతున్నారు. బరాత్ కారు కదిలిపోయింది, వీడియో అయిపోయిందని అందరూ లేవబోతుండగా ఆ ముక్క వచ్చి, నా ప్రోగ్రామ్ తెలివి ప్రకారం, ఏది ఎప్పుడు వస్తే అప్పుడు అతికించాలి గనుక, ఆఖరున అతుక్కుంది.

పిల్లను తీసుకుని వెళ్ళిపోయిన పెళ్ళికొడుకు టీవీలో మళ్ళీ మండపంలో కూర్చుని తీరిగ్గా పుస్తె కట్టాడు.

తలుపు పక్కన నిలబడి, ఇక వదిన నల్గొండలో ఎన్నాళ్ళుంటుందో లెక్క వేసుకోవడం మొదలుపెట్టాను. అంతలో హాల్లోంచి ఒక ముసలామె కేక వేసింది.

"అగో నేను! తలంబ్రాలు వోస్తున్న!"

"మా ఆయన! స్తంభం ఎనుక, పుల్లతోని పండ్లు కుట్టుకుంట!"

"నేనేడున్న? నేనున్ననా? ఆ, ఉన్న ఉన్న!"

శంకరప్ప లేచి హాలు మధ్యలో నిలబడ్డాడు. "మన దిక్కు అందరొచ్చిండ్రా?" అని అడిగాడు. అందరం వచ్చామన్నారు. "వాళ్ళ దిక్కు?" అన్నాడు. అల్లుడి మేనత్త ఒకావిడ తాను రెండుసార్లు వచ్చానని గర్వంగా చెప్పింది. అప్పుడాయన మా వైపు తిరిగాడు.

"ఇదివరకు ఒకాయన వీడియో జేస్తె అంత వరుసగనే ఉండె. కని దాంట్లకెల్లి మా బామ్మర్ది ఒక్కడు ఎగిరిపోయిండు. ఇప్పటిదాంక నాతోని మాట్లాడ్తలేడు. ముందటిది ఎనుకకు పోతె రేపు సరిజెయ్యిండ్రి. మనిషి పోతె నేను సరిజెయ్యలేను. మీ పని ఖాయం."

మేనత్త నాకు స్వీటు తినిపించింది. అల్లుడు మాత్రం ఆ పుస్తె ముక్కను ఇంకోసారి వెయ్యమని బతిమాలాడు, అత్తగారు సరిగ్గా చూడలేదేమోనని.

నది ఒడ్డున

పొద్దుగూకే వేళ తుంగభద్ర మెట్ల మీద కూర్చున్నాం. పని దొరికిందన్న సంతోషం నాలో నిలవడం లేదు. చివరికి తెగించి అడిగాను.

"హైదరాబాద్‌కు ఎప్పుడు పోతవ్ వదినా?"

"పోతలేను. మహబూబ్‌నగర్‌ల ఫోనొచ్చింది గద, రానని అప్పుడే చెప్పిన."

"అప్పటికి ఈడ ఏమైతదో తెల్వదు గద! శంకరప్ప కాదంటే?"

"కాదంటే ఇంకోకాడికి పోతుంటిమి. నిన్నొక్కదాన్ని ఇడిసి యాడికి పోత?"

నాకు ఏడుపు వచ్చేసింది. ఆ గులాబీ పూల చేతులతోనే కళ్ళు తుడుచుకుంటూ, "నువ్వు లేకపోతె నాతోని కాదు వదినా" అన్నాను. ఇన్నాళ్ళుగా నోరు రాని మాట, ఏడుపులో గుర్తుపట్టరాకుండా బయటికి వచ్చింది.

"అది నాకెరికే" అంది వదిన. "నువ్వెప్పుడంటవో అని జూస్తున్న."

మర్నాడు నల్గొండ దాకా కారు నేనే నడిపాను. వదిన పక్క సీట్లో నోరు తెరుచుకుని నిద్రపోయింది.